వంటింటి పట్టభద్రురాలు

కార్స్‌బీ, సస్కాచువాన్
మే 23, 2017, మంగళవారం

కంప్యూటర్ సైన్సు పట్టభద్రురాలైన శ్రీమతి లోరీన్ హుడిమా గారికి,

కార్స్‌బీ ఊరి గ్రంథాలయం నుంచి స్టెఫానియా బరన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళ నొప్పులూ, ఎవరూ ముట్టుకోని రెండువేల ఆరువందల పుస్తకాలూ క్షేమం. అక్కడ సాస్కటూన్ మహానగరంలో తమరూ, తమ కొత్త ఉద్యోగమూ, తమ పట్టాకి కట్టించబోయే అద్దం చట్రమూ క్షేమమని తలుస్తాను.

మర్యాద అయిపోయింది. ఇక విషయానికొస్తాను.

నీ ఆహ్వానం అందింది. బంగారు అంచు కార్డూ, దాని మీద నీ ఫోటోనూ. పట్టా చేతికి రాకముందే గౌను అద్దెకి తెచ్చి ఫోటో దిగావన్నమాట. నలభై ఏడేళ్ళ మనిషివి, నెత్తిన ఆ పలక లాంటి టోపీ పెట్టుకుని, వేరే వాళ్ళ ఫోటోలోకి పొరపాటున వచ్చి నిలబడ్డదానిలా ఉన్నావు. కింద నీ కోడిగీతల రాత: "స్టెఫీ, జూన్ పదిన మన ఊరి హాల్లోనే విందు. నువ్వు లేచి నాలుగు మాటలు మాట్లాడాలి. నువ్వు లేకపోతే నాకీ డిగ్రీ లేదు."

నేను రాను. మాట్లాడను. ఎందుకు రానో చెప్పకపోతే కారేసుకుని ఇక్కడికొచ్చి నా గుమ్మంలో కూర్చుంటావు కాబట్టి రాస్తున్నాను.

నాకు నీ డిగ్రీ మీద గౌరవం లేదు లోరీన్. మొదటిరోజు నుంచీ లేదు.

ఆ మొదటిరోజు నీకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిదేళ్ళ కిందటి ఫిబ్రవరి. బయట మైనస్ ముప్ఫై ఎనిమిది. ధాన్యం గోదాములో కాటా గది మూసేసి, ఆ దుమ్ము బట్టలతోనే లైబ్రరీలోకి వచ్చావు. నీ వెంట సగం పొలం వచ్చింది. గోధుమ పొట్టంతా నా కార్పెట్ మీద రాల్చి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశావు.

"స్టెఫీ, ఇక్కడో సంతకం పెట్టవే," అన్నావు.

"దేనికి? మళ్ళీ హాకీ పిల్లల చందాయేనా?" అన్నాను.

"కాదు. నేను డిగ్రీలో చేరాను. కంప్యూటర్ సైన్సు. పాఠాలు ఇంటికే వస్తాయి. ఎప్పుడు వీలైతే అప్పుడు చదువుకోవచ్చు, ఏ నెలలో కావాలంటే ఆ నెలలో మొదలుపెట్టొచ్చు. పరీక్ష మాత్రం వాళ్ళు ఒప్పుకున్న మనిషి ఎదురుగా కూర్చుని రాయాలి. ఈ ఊళ్ళో వాళ్ళు ఒప్పుకునే మనిషివి నువ్వొక్కదానివే."

నేను నవ్విన నవ్వుకి పేపర్ల దగ్గర కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

"ఒసేయ్, నీకు టీవీ రిమోట్‌లో బ్యాటరీలు వెయ్యడం రాదు కదే!"

"అది డ్వేన్‌కి రాదు. నాకొచ్చు," అన్నావు. మొగుణ్ణి తక్కువ చేసైనా సరే, నీ మాట నెగ్గాలి.

సంతకం పెట్టాను. వద్దంటే అసూయ అనుకుంటావని పెట్టాను. ఎలాగూ అది ఆర్నెల్ల ముచ్చట అనుకున్నాను.

నాకెందుకంత చులకనో నీకు తెలుసు. పన్నెండో తరగతిలో బంగారు పతకం ఎవరిది? నాది. స్కూలు బస్సులో వెనక సీట్లో నా జామెట్రీ పుస్తకం ముందు పెట్టుకుని కాపీ కొట్టింది ఎవరు? నువ్వు. నేను త్రిభుజం వంకరగా గీస్తే నువ్వూ వంకరగానే గీసేదానివి. మాస్టారు ఇద్దర్నీ లేపి, "బరన్ తప్పు చేస్తే తెలివితో చేస్తుంది, నువ్వు తప్పు కూడా అరువు తెచ్చుకుంటావు," అన్నాడు. క్లాసంతా నవ్వింది. నువ్వూ నవ్వావు. సిగ్గన్నది నీకు మొదటి నుంచీ లేదు.

నేను సాస్కటూన్ వెళ్ళి అసలైన యూనివర్సిటీలో కూర్చున్నదాన్ని. అవి రాతి మేడలు. ఒక్కో హాల్లో మూడువందల మంది ఉండేవారు, కింద ఎక్కడో చీమంత ప్రొఫెసరు కనిపించేవాడు. చదువంటే అది. మా అమ్మకి పక్షవాతం వచ్చి నేను తిరిగి రావాల్సొచ్చింది కాబట్టి గానీ, లేకపోతే ఈ ఊరి లైబ్రరీలో పుస్తకాల మీద స్టాంపులు గుద్దుకుంటూ ఉండేదాన్నా? ఈ మాట నువ్వే నలుగురి దగ్గరా అంటూ ఉండేదానివి. "మా స్టెఫీ చదివుంటే ఎక్కడో ఉండేది," అని. నువ్వలా అన్నప్పుడల్లా నా ఒళ్ళు మండేది.

మరి నీ చదువెలా సాగింది? లారీ లారీకీ మధ్యన. కాటా మీదకి బండి ఎక్కుతుంటే ఒక వాక్యం, దిగుతుంటే ఇంకో వాక్యం. కోతల్లో రోజుకి నూటపాతిక లారీలు. నీ ల్యాప్‌టాప్ మీటల సందుల్లో ఆవాలు ఇరుక్కునేవి. ఓసారి లైబ్రరీ బల్ల మీద దాన్ని తలకిందులు చేసి దులిపితే గుప్పెడు రాలాయి. "ఈ ఏడాది దిగుబడి బాగుందే," అన్నావు. ఒక ప్రొఫెసరు మొహం చూసి ఎరగవు. ఒక క్లాసులో కూర్చుని ఎరగవు. నీ తోటి విద్యార్థులంటే తెర మీద పేర్లే కదా. న్యూఫౌండ్‌లాండ్‌లో ఓ నర్సు, యూకాన్‌లో ఓ ట్రక్కు డ్రైవరు. అందరూ నీలాంటివాళ్ళే, చెయ్యి ఖాళీ అయినప్పుడు చదివేవాళ్ళు. దీన్ని వెసులుబాటు చదువంటారట. బట్టలుతుక్కుంటూ పాడే పాటని సంగీత కచేరీ అన్నట్టుంది.

పైగా నేర్చుకున్నదల్లా తెచ్చి నా మీద కుమ్మరించడం ఒకటి. కిటికీ దగ్గర నిలబెట్టి గోదాము పక్కన ఆగిన గూడ్సు రైలు చూపించావు గుర్తుందా?

"చూడవే, ఒక్కో పెట్టెకీ దాని వెనక పెట్టె ఒక్కటే తెలుసు. మొత్తం రైలెంత పొడుగో ఏ పెట్టెకీ తెలీదు. మధ్యలో ఒకటి ఇరికించాలంటే రెండు కొక్కేలు మారిస్తే చాలు. కంప్యూటర్లో దీన్నే లిస్టు అంటారు."

"నాకు తెలిసిన లిస్టు వాపసివ్వని పుస్తకాలది. అందులో నీ పేరు మూడుసార్లుంది," అన్నాను.

పొట్ట పట్టుకుని నవ్వావు. నేను నవ్వించడానికి అనలేదు.

కాల్క్యులస్‌లో నలభై నాలుగు మార్కులొచ్చి తప్పిననాడు పిల్లల పుస్తకాల మూలకెళ్ళి ఆ చిన్న ఎర్ర కుర్చీలో కూర్చుని ఏడ్చావు. "లే, కుర్చీ విరుగుతుంది," అన్నాను. చొక్కా చేతికి ముక్కు తుడుచుకుని, "మళ్ళీ డబ్బు కట్టి రాస్తాను. దీంట్లో అదే సుఖమే స్టెఫీ, పడినా ఎవరూ గేటు ముయ్యరు," అన్నావు. ఓడిపోవడానికి కూడా వెసులుబాటున్న చదువుని నేను గౌరవించాలా? రాత్రికి మీ ఇంట్లో ఏం తిన్నారంటే డబ్బా సూపు. నీ మొగుడు నాలుగేళ్ళలో డబ్బా మూత తియ్యడంలో డిగ్రీ చేశాడు.

అలా నలుగురూ నవ్వుకుంటుండగానే నువ్వు సగం దాటేశావు. అది నాకు అర్థమైంది నవంబరు 2012లో.

ఆరోజు జరిగింది నీకు తెలిసినంత వరకూ మళ్ళీ రాస్తాను. వెనక గదిలో, క్రిస్మస్ అలంకారాల పెట్టెల పక్కన, నీకు లీనియర్ ఆల్జీబ్రా పరీక్ష. మూడు గంటలు. పాస్‌వర్డు కొట్టి తెర నీవైపు తిప్పాను. ముందు గదిలో పుస్తకాలు వాపసివ్వడానికి నీ ఆడపడుచు గ్లెండా వచ్చింది. తాను నడిపే స్కూలు బస్సు బయటే ఆపి, పది నిమిషాలు నించుని వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళింది. నువ్వు రెండుసార్లు బాత్రూంకి లేచావు. రెండోసారి వాంతి చేసుకున్నానన్నావు. నీ మొహం సున్నం కొట్టినట్టుంది. పరీక్ష ముగించి, నా రెండు చేతులూ పట్టుకుని, "అన్నీ చేశానే, ఒక్కటీ వదల్లేదు," అన్నావు.

మూడు వారాల తర్వాత యూనివర్సిటీ నుంచి నీకు ఉత్తరం. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు వాళ్ళకి. టైపు చేసినది, పేరూ ఊరూ లేదు. బాత్రూంలో కాగితం తువ్వాళ్ళ డబ్బా వెనక నువ్వు ఫోను దాచి జవాబులు చూసుకున్నావని. వాళ్ళు ఇన్విజిలేటర్ని అడిగారు. నేను జవాబిచ్చాను: ఫోను నేను చూడలేదు, విద్యార్థిని రెండుసార్లు బయటికి వెళ్ళింది, రెండోసారి పదకొండు నిమిషాలు పట్టింది, లోపలేం జరిగిందో నాకు తెలియదు, అని.

పరీక్ష రద్దు. ఏడాదిపాటు నీకు చదువు బంద్. నీ పేరు పక్కన శాశ్వతంగా ఓ మచ్చ.

నువ్వు నా మీద కోపగించలేదు. "చూసింది చూసినట్టు రాశావు. ఫోను చూడలేదని రాసింది నువ్వొక్కదానివే," అన్నావు. దానికి నాకు కృతజ్ఞత చెప్పావు కూడా.

నీ కోపమంతా గ్లెండా మీదకి మళ్ళింది. ఆరోజు లైబ్రరీలో ఉన్నది ముగ్గురమే అని నువ్వు వేళ్ళు మడిచి లెక్కపెట్టావు. పైగా గ్లెండా ఎప్పటినుంచో నిన్ను ఆటపట్టిస్తోంది. "ఇంకెన్నాళ్ళు వదినా ఈ చదువు? మా అన్నయ్య డబ్బా సూపుతో బక్కచిక్కి ఈ గాలికి కొట్టుకుపోయేలా ఉన్నాడు," అని. అది వేళాకోళమని ఊరందరికీ తెలుసు. ప్రతి ఆదివారం గిన్నెడు పెరోగీ కుడుములు చేసి మీ ఇంటికి మోసింది కూడా ఆమే. కానీ నీకు మనసులో ఒకసారి ముల్లు దిగితే అంతే.

ఆ శనివారం కర్లింగ్ రింక్‌లో, మంచు మీద రాళ్ళు జారించి వాటి ముందు చీపుర్లతో ఊడ్చే ఆ ఆట మధ్యలో, సగం ఊరి ముందు ఆమె మీద పడ్డావు. నేనక్కడే కాఫీ కప్పు పట్టుకుని నించున్నాను.

"నా చదువు నీకేం అడ్డమొచ్చిందే?" అన్నావు.

"ఏంటి వదినా, ఏం మాట్లాడుతున్నావు?"

"ఉత్తరం! పేరు పెట్టే ధైర్యం కూడా లేకపోయింది నీకు!"

"ఏ ఉత్తరం? నేనెందుకు రాస్తాను? నీ పరీక్షలకి మా అమ్మ చర్చిలో కొవ్వొత్తులు వెలిగిస్తుంటే అగ్గిపుల్ల గీసేది నేనే కదా!"

"ఇక మా గడప తొక్కకు," అన్నావు. డ్వేన్ మధ్యలో నించుని ఒకసారి చెల్లెల్నీ ఒకసారి నిన్నూ చూసి, చివరికి నీ కోటు అందుకుని నీ వెనకే బయటికి నడిచాడు. గ్లెండా చేతిలో ఆట చీపురు అలాగే ఉండిపోయింది. ఆమె జట్టు ఆ ఆట ఓడిపోయింది.

అంతే, నాలుగున్నరేళ్ళు మాటల్లేవు. 2014లో మీ అత్తగారు పోయినప్పుడు చర్చిలో ఒకే తల్లి పిల్లలు చెరో వైపు కూర్చున్నారు. డ్వేన్ కుడివైపు, గ్లెండా ఎడమవైపు, మధ్యలో ఆవిడ శవపేటిక. తర్వాత భోజనాల దగ్గర గ్లెండా చేసిన క్యాబేజీ చుట్టల గిన్నెని నువ్వు బల్ల చివరికి జరిపావు. మీవాళ్ళెవరూ ముట్టుకోలేదు. ఆమె మూత పెట్టుకుని పట్టుకెళ్ళిపోయింది. ఆ గిన్నె మోసుకుంటూ మంచులో బస్సు దాకా నడిచిన మనిషిని నేను కిటికీలోంచి చూశాను.

ఆ ఏడాది నిషేధంలో నీకు పోయింది చదువొక్కటే కాదు. రెజైనాలో మీ గోదాము కంపెనీ హెడ్డాఫీసులో కాటా పనీ తెలిసి ప్రోగ్రాములూ రాయగల మనిషి కావాలని ప్రకటన వేశారు. నీకోసమే కుట్టించిన చొక్కా లాంటి ఉద్యోగం. నీ పేరు పక్కన మచ్చ చూసి వేరేవాళ్ళకిచ్చారు. నువ్వు మళ్ళీ కాటా గదిలో లారీలు తూచావు.

ఏడాది గడిచిన మర్నాడే దుమ్ము బట్టలతో వచ్చి నా బల్ల ముందు నించున్నావు. "మళ్ళీ అదే పేపరు. సంతకం పెట్టు," అన్నావు. ఈసారి పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చావట. మూడు గంటలు కుర్చీలోంచి కదల్లేదు. తొంభై ఒకటి వచ్చింది. ఆ ఫలితం అచ్చుకొట్టి నాకిచ్చి, "గోడకి అంటించవే, ఊరంతా చూడాలి," అన్నావు. నేను అంటించలేదు. సొరుగులో పడేశాను.

ఆ తర్వాత పేపరు మీద పేపరు. చివరి ప్రాజెక్టుకి మన గోదాము కోసమే లారీల వరసని సరిచేసే ప్రోగ్రాము రాశావు. కోతల్లో రెండు కిలోమీటర్లు పొడుగుండే లారీల బారు మీద నీ పెత్తనం చూడాలని రైతులు కాటా గది కిటికీకి మొహాలు ఆనించారు. ఇప్పుడు ట్రాక్టర్లకి విత్తనాలెలా నాటాలో నేర్పే ఉద్యోగమట. వంటింటి బల్ల మీద చదివినావిడ ఇనుముకి పాఠాలు చెబుతుందన్నమాట.

సరే. అంతా ఒప్పుకుందాం. కానీ ఒక మాట అడగనీ. ఇంత చదివిన నీకు మనుషుల్ని చదవడం ఎందుకు రాలేదే? ప్రోగ్రాములో తప్పెక్కడుందో వెయ్యి వరసల్లోంచి ఏరగలిగినదానివి, నీ ఎదురుగా కూర్చున్న మనిషి మొహంలో ఉన్నది చూడలేకపోయావు. ముగ్గురిలోంచి ఒకర్ని తియ్యడానికి నువ్వు ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు. ఎవరు నిన్ను వెక్కిరిస్తే వాళ్ళు శత్రువులు, ఎవరు కాగితం మీద సంతకం పెడితే వాళ్ళు స్నేహితులు. ఇదా నీ తర్కశాస్త్రం? దీనికా తొంభై ఒకటి?

అందుకే నీ విందుకి రాను. పలక టోపీ పెట్టుకుని నువ్వు కేకు కోస్తుంటే, "ఈ డిగ్రీ మా స్టెఫీ పుణ్యమే," అని నలుగురి ముందూ అంటే, చప్పట్లు కొడుతుంటే, ఆ మొహాలు చూస్తూ నిలబడడం నావల్ల కాదు. నీలాంటి అమాయకపు మనిషితో స్నేహం నలభై ఏళ్ళు భరించాను. చాలు.

డ్వేన్‌ని అడిగానని చెప్పు. ఇప్పటికైనా అన్నం లాంటిదేదైనా పెట్టు అతనికి.

ఇట్లు,
ఎప్పుడూ నీకన్నా రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్న
స్టెఫానియా బరన్

తాజా కలం:

సంతకం పెట్టేశాక కూడా కలం కింద పెట్టలేకపోతున్నాను. పై నాలుగు పేజీలూ ఇది రాయకుండా తప్పించుకోవడానికే రాశానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఆకాశరామన్న ఉత్తరం నేనే రాశాను.

లైబ్రరీ టైపు మిషను మీద కొడితే గుర్తుపడతారని పక్క రాష్ట్రంలో నీపావా ఊరి దాకా వెళ్ళి, అక్కడి లైబ్రరీలో కంప్యూటరు మీద కొట్టి, అక్కడే పోస్టు చేశాను. నువ్వు బాత్రూంలో ఉన్నది పదకొండు నిమిషాలు కాదు. మూడు. గోడ గడియారం చూసి మరీ రాసుకున్నాను, తర్వాత దాన్ని పదకొండు చేశాను. నువ్వు వాంతి చేసుకుంటున్న చప్పుడు నాకు తలుపు బయటికి వినిపించింది. అది మాత్రం యూనివర్సిటీకి రాయలేదు. నీకు ఎంతసేపైందో నీకే తెలియలేదు కాబట్టి నా అంకె నమ్మావు.

ఎందుకు చేశానో కూడా చెబుతాను. ఆరోజు పాస్‌వర్డు కొట్టాక తెర నీవైపు తిప్పేముందు ప్రశ్నలు చదివాను. అది నేను సాస్కటూన్లో తప్పిన పేపరే. అవును, తప్పాను. రెండుసార్లు. మా అమ్మకి పక్షవాతం వచ్చింది ఆగస్టులో. నేను పెట్టె సర్దుకుని ఊరికొచ్చింది ఏప్రిల్లో. ఈ ఊళ్ళో ఎవరూ నెలలు లెక్కపెట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ తెర మీద ఒక్క ప్రశ్న నాకు అర్థం కాలేదు. నా జామెట్రీ కాపీ కొట్టిన పిల్ల నా ఎదురుగా కూర్చుని, పెన్సిలు కొరుక్కుంటూ, ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోతోంది. నాకు అప్పుడు నీ మీద పుట్టింది చులకన కాదు. దాన్ని చులకన అని పిలుచుకుంటే బతకడం తేలికైంది, అంతే. నీకు నా మీద అనుమానమే రాకపోవడం చూసి నిన్ను మరింత తీసిపారేశాను. ఇవాళ్టికీ ఆ అలవాటు పోలేదు, పైన చదివావుగా.

జరిగిందంతా నా పేరుతో, ఆ మూడు నిమిషాల లెక్కతో సహా, యూనివర్సిటీకి శుక్రవారం రిజిస్టరు పోస్టులో పంపేశాను. లైబ్రరీ బోర్డుకీ ఒక ప్రతి ఇచ్చాను. నీ పేరు పక్కన మచ్చ తీసేస్తారో లేదో తెలియదు. రెజైనా ఉద్యోగం మాత్రం నేను తిరిగి తేలేను.

నిన్న విక్టోరియా డే సెలవు కదా, గ్లెండా ఇంటి ముందు స్కూలు బస్సు కడుగుతోంది. వెళ్ళి నించున్నచోటనే అంతా చెప్పాను. ఆమె కడగడం ఆపలేదు. టైర్లు అయ్యాయి, మెట్లు అయ్యాయి. తర్వాత గొట్టం కింద పడేసి, "మా అమ్మని పాతిపెట్టిన రోజు కూడా నీకు తెలుసా?" అంది.

తెలుసన్నాను.

"భోజనాల దగ్గర నా పక్కనే నించుని కాఫీ పోశావు కదా?"

పోశానన్నాను.

నా కాళ్ళ దగ్గర ఉమ్మింది. ఇంతకాలం నేను అందర్నీ చూసిన చూపు ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. తిట్టలేదు. నీళ్ళు కట్టేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఇంట్లోకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"నేను చెబితే వదిన నమ్మదు. నువ్వే రాయి. చేతిరాతతో రాయి, నీ రాత తనకి తెలుసు," అంది. తలుపు సగం మూశాక మళ్ళీ తెరిచింది. "పదో తారీకు విందుకి నన్ను పిలవలేదు. పిలిస్తే వస్తానని రాయి."

రాశాను. ఆమె ఇంటి ఫోను నంబరు మారలేదు. ఈ కాగితం కింద పెట్టి ముందు అక్కడికి ఫోను చెయ్యి లోరీన్. నాకు చెయ్యకు.